కుడివైపు సీటు

మా ఇంట్లో ఒట్టు పెట్టుకోవడం లేదు. అవునంటే అవును, కాదంటే కాదు... అంతే ఉండాలి మాట, అని మా నాన్నగారు నేర్పారు. ఆయన నన్ను బడికి పంపలేదు. అక్షరాలు, లెక్కలు, పాటలు, ప్రార్థన, అన్నీ ఆయన పక్కన చాప మీద కూర్చునే నేర్చుకున్నాను. కాబట్టి ఇప్పుడు చెప్పబోయేదానికి నేను ఒట్టు పెట్టను. అవును అంటాను. జరిగింది. ఎనభైల్లో, వానాకాలంలో, ఒకే రాత్రి... నాకు, మా ఆయనకు, మా అత్తగారికి, ముగ్గురికీ జరిగింది.

నవ్వాలనిపిస్తే నవ్వండి. మొదట్లో నవ్వొచ్చే సంగతులే ఎక్కువ.

మాది యానాంలో కనకాలపేట. మా ఆయన ప్రకాశరావుగారు చేపల ఐసు ఫ్యాక్టరీలో పనిచేసేవారు. మా అత్తగారు ఎలీశమ్మగారికి ఉబ్బసం. చినుకు పడితే చాలు, ఆవిడ గుండెల్లో ఈల మొదలయ్యేది. అంతకుముందు ఏడాది వానల్లో ఒక రాత్రి ఊపిరి అందక ఆవిడ కళ్లు తేలేశారు. బస్సులు అయిపోయాయి. రిక్షా ఒకటి దొరికింది గానీ నీళ్లలో చక్రం దిగబడిపోయింది. తెల్లవారేదాకా ఆవిడను ఒళ్లో కూర్చోబెట్టుకుని వీపు రాస్తూనే ఉన్నాను. దేవుని దయ... పొద్దున్నకు ఊపిరి తిరిగింది. ఆ రోజు మా ఆయన ముఖం కడుక్కుంటూ ఒక్క మాటే అన్నారు.

"వచ్చే వానలకి మనింట్లో బండి ఉంటది, సువార్తా."

ఉంది. కానీ ఎలాంటి బండి!

యానాంలో ఏటివైపు వీధిలో అంతోనిగారని ఒక పెద్దాయన ఉండేవారు. ఫ్రెంచివాళ్ల నాడు కచేరీలో రాతపని చేసి పింఛను పుచ్చుకున్న మనిషి. ఆయన దగ్గర ఆ కాలంలోనే ఓడ మీద వచ్చిన నల్లకారు ఒకటుండేది. తాబేలులా గుండ్రంగా, ముందు తలుపులు వెనక్కి తెరుచుకునేవి. లైట్లు తెల్లగా కాదు, పసుపుపచ్చగా వెలిగేవి. స్టీరింగేమో ఎడమవైపు. అంటే మన కార్లలో డ్రైవరు కూర్చునే చోట ఇందులో ఖాళీ సీటు ఉంటుందన్నమాట.

"కళ్లు పోయాయి నాయనా," అన్నారు అంతోనిగారు మా ఆయనతో. "మా ఆవిడ రోజమ్మ పోయింది. ఇంక నాకు కారెందుకు? తోలుకునేవాడివి నువ్వు తీసుకుపో."

ఎంతకు ఇచ్చారన్నది వదిలేయండి. ఇచ్చినట్టే ఇచ్చారు. ఆయన మంచితనం.

తాళం చేతిలో పెట్టే ముందు ఆయన నన్ను పిలిచారు. కారు కుడివైపుకు తడుముకుంటూ వచ్చి, ముందు తలుపు అద్దం మీద వేలు పెట్టి చూపించారు. అడుగు అంచుకు దగ్గరగా అద్దం మీద గోరంత మరక. ఒకేచోట ఏళ్ల తరబడి ఏదో తగిలి తగిలి మసకబారినట్టుంది.

"ఈ బండికి ఇద్దరు కావాలమ్మా. తోలేవాళ్లొకరు, చూసేవాళ్లొకరు. ముందు లారీ అడ్డముంటే ఎడమవైపు కూచున్నవాడికి ఎదురు ఏమొస్తందో కనపడదు. కుడివైపున్న మనిషే చూసి చెప్పాలి. మా రోజమ్మ ఉంగరంతో ఇక్కడ కొట్టేది. ఒకటి కొడితే ఆగు. రెండు కొడితే పో. నోటితో కుదరదమ్మా. 'ఆగండీ' అని నువ్వు అనేలోపు ఆగాల్సిన చోటు దాటిపోద్ది."

నా చేతికీ పెళ్లి ఉంగరం ఉంది. ఆ మరక మీదే ఒకసారి కొట్టి చూశాను. టక్. చిన్న చప్పుడే గానీ, బండంతా వినిపించింది. అంతోనిగారు తల అటు తిప్పుకున్నారు.

అలా నేను ఆ కారుకు కన్ను అయ్యాను. మా అత్తగారి లెక్కలో కండక్టర్ని.

"మొగుడు తోలతాడంట, పెళ్లాం అద్దం మీద టకాటకా కొడతదంట! ఏ ఊళ్లోనైనా ఉందంట్రా ఇది?" అని అరుగు మీద కూర్చుని వచ్చేపోయే వాళ్లందరికీ చెప్పేవారు. ఊళ్లోవాళ్లకేమో ఇంకో వింత. వాళ్లు డ్రైవరు కోసం చూసేది కుడివైపునే కదా. అడవిపొలం ఊళ్లో ఒకావిడ నన్ను చూసి, నెత్తి మీద బుట్ట పట్టుకుని కాలువ గట్టెక్కేసింది. "అమ్మో! చేతులు ఒళ్లో పెట్టుకుని తోలేత్తంది!" అని అరిచింది పాపం.

ఇక దాని రోగాలు. రేడియేటరు కారేది. ఎడమకు తిప్పితే హారను దానంతటదే మోగేది. మీటరు ముల్లు ఎంత వేగానికైనా ఒకేచోట నిలబడి ఉండేది. అన్నిటికంటే పెద్ద రోగం ఒకటుంది... గట్టిగా బ్రేకు వేస్తే ఇంజను ఆగిపోయేది. ఆగిందా, తోయాల్సిందే. మెట్టకూరు మలుపులో ఎన్నిసార్లు దిగానో, ఎంతమంది అన్నదమ్ముల్లా వచ్చి తోశారో! వాళ్లందరినీ ఈనాటికీ ప్రార్థనలో తలుచుకుంటాను.

"నలుగురు పట్టుకుంటేగాని కదలని బండి నాకొద్దురా ప్రకాశం. ఆ బండి ఎలాగూ ఓ రోజు ఎక్కుతాను కదా. తొందరేముంది?" అనేవారు మా అత్తగారు. ఆవిడ కోసం కొన్న కారు. ఆవిడ ఒక్కసారీ ఎక్కలేదు.

మెట్టకూరులో సత్తిరాజని మెకానిక్కు ఉండేవాడు. లారీలు బాగుచేసే చెయ్యి. మా కారును మొదటిసారి చూసి తల గోక్కున్నాడు.

"ఆయ్... ఇది కారు కాదండీ, మేనత్త. ఇక్కడ నెప్పి తగ్గిందంటే అక్కడ మొదలెడతాది. అయినా వదిలేత్తామేంటండీ, మేనత్తని!"

వదల్లేదు. సామాన్లు ఇక్కడ దొరికేవి కావు. పాండిచ్చేరి వెళ్లే ఉద్యోగస్థుల కాళ్లావేళ్లా పడి, కాగితం మీద బొమ్మ గీసి ఇచ్చి తెప్పించుకునేవాళ్లం. ఒకసారి బొమ్మ నేనే గీశాను. వాళ్లు తెచ్చింది సరిగ్గా సరిపోయింది. ఆ రోజు నాకు ఎంత సంతోషమో! ఆదివారం సాయంత్రాలు మా ఆయన బనీను మీద బోనెట్టులో తలదూర్చి ఉంటే, నేను పక్కన స్టూలు వేసుకుని పానాలు అందిస్తూ పాటలు పాడుకునేదాన్ని. మా కాపురంలో అంత హాయైన రోజులు తక్కువ.

ఒక్కొక్కటే కుదిరాయి. రేడియేటరు ఆగింది. హారను నోరు మూసుకుంది. కుడివైపు ముందు అద్దం గాడిలో వదులై గలగలలాడేది, దానికి సైకిలు ట్యూబు ముక్కలు కోసి, రెండు పక్కలా బిగించి కూర్చోబెట్టాడు సత్తిరాజు. ఇక మిగిలింది బ్రేకు వేస్తే ఇంజను ఆగిపోయే జబ్బు. వానలు దగ్గరకొచ్చేశాయి. మా ఆయనకు నిద్ర లేదు. చివరికి సత్తిరాజు కార్బరేటరు మూడుసార్లు విప్పి, నాలుగోసారి ఏదో చిన్న రంధ్రం శుభ్రం చేశాడు. మెట్టకూరు మలుపులో మా ఆయన కావాలని గట్టిగా బ్రేకు తొక్కారు. ఇంజను ఒకసారి గుటక వేసింది... మళ్లీ అందుకుంది. ఆగలేదు.

అది మంగళవారం. శుక్రవారం రాత్రి వాన పట్టింది.

ఇప్పటిదాకా నవ్వుతూ చెప్పాను. ఇక్కణ్ణుంచి నవ్వు రాదు. ఎన్నిసార్లు చెప్పినా అంతే.

పదిన్నర అయి ఉంటుంది. మా అత్తగారి గదిలోంచి ఈల. మామూలు ఈల కాదు. సన్నగా... తెగిపోతున్నట్టు. దీపం పట్టుకుని వెళ్లేసరికి ఆవిడ మంచం పట్టె పట్టుకుని కూర్చుని ఉన్నారు. పెదాలు నల్లబడ్డాయి. మా వీధి డాక్టరుగారు పాపం గొడుగు వేసుకుని వచ్చి సూది వేశారు. పావుగంట చూశారు.

"ఈసారి సూదికి లొంగేలా లేదు ప్రకాశరావ్. కాకినాడ తీసుకుపో. ఇప్పుడే."

పిల్లల్ని పక్కింట్లో అప్పజెప్పాం. మా ఆయన తల్లిని చేతుల మీద ఎత్తుకుని కారులోకి చేర్చారు. ఆవిడ మొదటిసారి ఎక్కడం... అలాగ! అప్పుడు కూడా, ఊపిరికీ ఊపిరికీ మధ్య, "నలుగురు... వచ్చారంట్రా... తొయ్యడానికి?" అన్నారు.

"ఊరుకో అమ్మా," అన్నారు మా ఆయన.

ఆవిడ పడుకుంటే ఊపిరి ఆడదు. నిటారుగా కూర్చోబెట్టి వెనకనుంచి పట్టుకోవాలి. అందుకని నేను వెనక సీట్లో ఎక్కి, ఆవిడ వీపును నా గుండెకు ఆనించుకుని, రెండు చేతులూ చంకల కిందుగా వేసి పట్టుకున్నాను. ముందు కుడివైపు సీటు ఖాళీ. దాని మీద మడతపెట్టిన దుప్పటి ఒక్కటే ఉంది. ఆ తొందరలో ఆ సీటు సంగతి మా ఇద్దరికీ తట్టలేదు. నిజం చెప్పాలంటే, తట్టినా చేసేదేమీ లేదు.

ఇంజరం దాటాం. వాన అద్దం మీద చేటలతో పోస్తున్నట్టుంది. ఒక పక్క కాలువ. చీకట్లో అదెక్కడుందో తెలియదు. మా పసుపు దీపాలు ముందున్న నాలుగు గజాలు చూపించి ఊరుకుంటున్నాయి. లోపల ఇంజను చప్పుడు... మా అత్తగారి ఈల... ఆ రెండే.

తాళ్లరేవు దాటాక ముందు ఒక లారీ తగిలింది. కొబ్బరికాయల లారీ, పైన పట్టా కప్పి ఉంది. రోడ్డంతా అదే. నడకలా పోతోంది. మా ఆయన హారను కొట్టారు. వినిపించలేదో ఏమో, జరగలేదు. అటు ఈల సన్నబడిపోతోంది. ఒక్కో ఊపిరికి నేను లెక్కపెడుతున్నాను. ఒకటి... రెండు... మూడు... నాలుగు... అప్పుడు గానీ తర్వాతిది రావడం లేదు.

"ఏవండీ... ఆలస్యమైపోతోందండీ," అన్నాను.

ఆయన గేరు మార్చారు. కారు కుడివైపుకు జరిగింది. ఇంజను గట్టిగా రొద పెట్టింది. లారీ వెనక చక్రం మా ఎడమ పక్కకు వచ్చింది...

టక్.

ఒకటే. అద్దం మీద ఉంగరం తగిలిన చప్పుడు. రోజూ నేను చేసే చప్పుడే. నాకు తెలియదా?

మా ఆయన కాలు బ్రేకు మీద పడింది. ఆలోచించి కాదు. అలవాటు అది... ఒకటంటే ఆగు. కారు జారింది, ఊగింది, లారీ వెనక్కి ఎడమవైపుకు వచ్చి, రోడ్డు పక్క మట్టి పుంతలో ఆగింది. ఇంజను గుటక వేసింది...

ఆగలేదు. సత్తిరాజు చేతులు చల్లగుండాలి. ఆగలేదు.

అప్పుడు వచ్చింది ఎదురునుంచి. ట్రాక్టరు. దీపాల్లేవు. వెనక ఇటుకల ట్రక్కు. మేము ఒక్క క్షణం కిందట ఉన్న చోటునుంచే దడదడలాడుతూ వెళ్లిపోయింది. దాని చక్రాలు లేపిన బురద నీళ్లు మా కారు మీద ఫెళ్లుమని పడ్డాయి. తర్వాత ఏమీ లేదు. వాన.

మా ఆయన రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చున్నారు. కొంచెంసేపటికి ఊపిరి వదిలారు.

"భలే చూశావ్, సువార్తా," అన్నారు.

నేను మా అత్తగారిని ఇంకాస్త దగ్గరకు పొదువుకున్నాను.

"సువార్తా?"

"నేను... వెనకున్నానండీ."

ఆయన వీపు బిగుసుకోవడం చూశాను. మెల్లగా... చాలా మెల్లగా తల కుడివైపుకు తిప్పారు. నేనూ చూశాను. దుప్పటి ఉంది. మడత చెదరలేదు. అద్దం బిగించే ఉంది. అద్దం అవతల చీకటి, దాని మీద నీళ్లు కారుతున్నాయి. అంతే. ఎవరూ లేరు. నా రెండు చేతులూ మా అత్తగారి గుండెల మీద ఒకదానిలో ఒకటి పెనవేసుకుని ఉన్నాయి. నా ఉంగరం నా రెండో చేతి కింద ఉంది. నొక్కుకుంటోంది కూడా.

లారీ ఎర్రదీపం దూరమైపోతోంది. మా ఆయన కదల్లేదు. కాలు బ్రేకు మీదనుంచి రావడం లేదని తర్వాత చెప్పారు. పొమ్మని అనాలనుకున్నాను. నా నాలుక మడత పడిపోయింది. లోపల్లోపల ప్రార్థన మొదలుపెట్టాను. చిన్నప్పుడు మా నాన్నగారు నేర్పిన మొట్టమొదటి ప్రార్థన. సగం అయింది... సగం దాటింది...

టక్. టక్.

రెండు. గట్టిగా కాదు. బండిలో రోగి ఉన్నారని తెలిసినవాళ్లు కొట్టినట్టు, మర్యాదగా.

నా వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. ఒప్పుకుంటాను. కానీ ఇంకొకటి కూడా చెప్పాలి... ఆ చప్పుడులో కీడు లేదు. భయమంతా నాలోనే ఉంది. దానిలో లేదు.

మా ఆయన కాలు తీశారు. కారు కదిలింది. కోరంగి దగ్గర లారీని అందుకున్నాం. ఈసారి లారీవాడు తనంతట తానే పక్కకు జరిగి చెయ్యి ఊపాడు. ఆ తర్వాత కాకినాడ దాకా మా ఆయన ఒక్కసారి కూడా కుడివైపు చూడలేదు. దారి మొత్తం బండి కాస్త జాగ్రత్తగా తోలారు... పక్కన పెద్దవాళ్లెవరో కూర్చుంటే తోలినట్టు.

ఆస్పత్రిలో వెంటనే చేర్చుకున్నారు. ముక్కుకు గొట్టం పెట్టారు. తెల్లవారేసరికి మా అత్తగారి పెదాలకు రంగొచ్చింది. స్తోత్రం. వెయ్యి స్తోత్రాలు. ఇంకో అరగంట ఆలస్యమైతే కష్టమయ్యేదని నర్సమ్మ చెప్పింది.

ఎండెక్కాక ఆవిడ కళ్లు తెరిచారు. నన్ను చూసి, మొట్టమొదట అడిగిందేమిటో తెలుసా?

"కండక్టరువి... వెనకెందుకు కూచున్నావే?"

"మిమ్మల్ని పట్టుకోవద్దా అత్తయ్యా?"

"మరి అద్దం ఎవరు కొట్టారు?" అన్నారు ఆవిడ. "మూడు దెబ్బలు విన్నాను. ఒకటి... కాసేపాగి రెండు. ఇదింకా మోగుతానే ఉంది కదా, అయితే నేనింకా చావలేదు అనుకున్నాను."

మా ఆయన లేచి వరండాలోకి వెళ్లిపోయారు.

యానాం తిరిగొచ్చాక సత్తిరాజుకు చెప్పాం. అతను నవ్వలేదు. తలుపు రేకు విప్పి, లోపల వేలు పెట్టి చాలాసేపు చూశాడు. ఒక ట్యూబు ముక్క బయటకు లాగి చూపించాడు.

"ఇది జారిందండీ. ఇది జారితే అద్దం టక్కుమనొచ్చు. కుదుపుకి."

నాకు కాస్త ప్రాణం కుదుటపడింది. "అంతేనంటావా సత్తిరాజూ?"

"ఒకటైతే అంతేనండీ." ముక్కను వేళ్ల మధ్య నలుపుతూ ఆలోచించాడు. "తరవాత రెండూ... బండి ఆగి ఉంది కదండీ అప్పుడు? ఇంజను అదురుకి అంటదేమో మరి. నిలబెట్టి ఆడించి చూద్దారి."

ఆడించి చూశాం. గంటసేపు. జారిన ముక్క జారినట్టే ఉంచి. గలగలమంది, గిలగిలమంది. టక్ అనలేదు. రెండుసార్లు అసలే అనలేదు.

"బిగించెయ్యమంటారా?" అని అడిగాడు సత్తిరాజు, మా ఆయన వైపు కాకుండా నా వైపు చూసి. బిగించమన్నాను. బిగించాడు.

మా సంఘంలో చనిపోయినవాళ్లు తిరిగొస్తారని నమ్మరు. నేనూ నమ్మను. దేవుడు దూతను పంపగలడు, అది నమ్ముతాను. కానీ... దూత చేతికి ఉంగరం ఉంటుందా? ఎన్ని రాత్రులు ఆలోచించానో ఇదే.

అంతోనిగారికి చెప్పాలా వద్దా అని వారం రోజులు తేల్చుకోలేకపోయాను. చివరికి చేపల పులుసు గిన్నెలో పోసుకుని మా ఆయనతో వెళ్లాను. ఆయన కళ్లు మూసుకుని మొత్తం విన్నారు. ఏడుస్తారేమో అనుకున్నాను. ఏడవలేదు. ఒక్కటే అడిగారు.

"ఒకటి కొట్టాక... రెండు కొట్టడానికి ఎంతసేపు పట్టిందమ్మా?"

"చాలాసేపండీ. ప్రార్థన సగం దాటాను నేను."

ఆయన ముఖం వెలిగింది. నవ్వారు. పళ్లులేని నోటితో, పెళ్లికొడుకులా.

"ఎప్పుడూ అంతే! ఒకటి మాత్రం టక్కున కొట్టేది. రెండు కొట్టడానికి నా ప్రాణం తీసేది. దారంతా ఖాళీగా ఉన్నా సరే, అటు చూసి ఇటు చూసి, ఇంకోసారి చూసి... 'ఏవే, పోనా?' అని నేను అరిస్తేగాని కొట్టేది కాదు."

ఇంక ఆయన గిన్నె దగ్గరకు లాక్కున్నారు. పులుసులో ఉప్పు సరిపోయిందన్నారు.

ఆ తర్వాత మా అత్తగారు ఆ కారు దిగితే ఒట్టు... చూశారా, ఒట్టు అనేశాను. దిగేవారు కాదు, అంతే. గుడికి, సంతకు, చుట్టాలింటికి. వెనక సీట్లో రాణిలా కూర్చుని, అరుగుల మీద వాళ్లకు చెయ్యి ఊపుతూ. ఇంకో ఏడు వానాకాలాలు చల్లగా బతికారు.

మళ్లీ ఎప్పుడూ ఆ చప్పుడు దానంతటది రాలేదు. కుడివైపు సీట్లో నేనే కూర్చున్నాను, నా ఉంగరంతో నేనే కొట్టాను, ఆ మరక మీదే. అది గాడిలో జారిన అద్దమో, దూతో, రోజమ్మగారో... ఇవాళ్టికీ నాకు తెలియదు.

ఒక్క అలవాటు మాత్రం వచ్చింది. ముందు లారీ ఉంటుంది. ఎదురు ఏమీ రావడం లేదు. దారి ఖాళీ. నాకు కనిపిస్తూనే ఉంటుంది. అయినా నా వేలు వెంటనే అద్దం మీదకు పోదు. కాస్త ఆగుతాను.

"ఏవే, పోనా?" అని మా ఆయన అరుస్తారు.

ఇంకొక్క క్షణం ఆగి... వేరే ఎవరూ కొట్టకపోతే... అప్పుడు కొడతాను.

టక్. టక్.